మంచు కురవని దీవిలో మంచు

అండమాన్‌లో ఏ ఆకు మీదా మంచు పడదు. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గరి ఐసు ప్లాంటులో ఒక ఇనుప గొట్టం మీద మాత్రం రోజూ పడుతుంది. తెలుగు జాలర్ల వేట ఖర్చులో దాని వాటా తక్కువేమీ కాదు.

జనవరి నెల, తెల్లవారుజాము నాలుగు గంటలు. శ్రీ విజయపురంలో ఒంటి మీద బనియను కూడా బరువే. 2024 సెప్టెంబర్‌లో ఊరి పేరు మారింది కానీ ఆటోవాలాలు, చేపలమ్మే ఆడవాళ్లు ఇంకా పోర్ట్‌బ్లెయిర్ అనే అంటున్నారు. ఇక్కడ చలికాలం క్యాలెండర్‌లో మాత్రమే కనిపిస్తుంది. సముద్రం రాత్రీ పగలూ గోరువెచ్చగా ఉంటుంది కాబట్టి గాలి చల్లబడేదేమీ ఉండదు. తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత 23, 24 డిగ్రీలకు దిగడమే గగనం.

పది రోజుల కిందట ఇదే వేళకు నేను లంబసింగిలో ఉన్నాను. వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో కంబళి కప్పుకుని చలిమంట ముందు కూర్చుంటే, పక్కన ఆపిన జీపు అద్దం మీద మంచుబిందువులు గడ్డకట్టి గీరితే గానీ రాలేదు. అదే తెలుగు మాటలు వింటూ ఇప్పుడు జంగ్లీఘాట్ రేవులో చెమటోడుస్తున్నాను. డింగీల్లోకి ఐసు ఎక్కిస్తున్నారు. దిమ్మను మరలో వేయగానే గరగరమంటూ పిండి అయి బుట్టలోకి రాలుతోంది. "వేగిరం పోయండ్రా, కరిగిపోతాంది" అని ఒకతను అరుస్తున్నాడు. ఆ యాస శ్రీకాకుళం తీరానిది.

జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 3.8 లక్షల మంది ఉంటే, అందులో 50 వేల మందికి పైగా మాతృభాష తెలుగు. అంటే నూటికి 13 మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనదే. విశాఖ నుంచి ఓడ ఎక్కితే రెండున్నర రోజుల దూరంలో ఉన్న ఈ గడ్డకు మొదట తెలుగువాళ్లు వచ్చింది ఇష్టపడి కాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేయడంతో మొదలైన మన్యం తిరుగుబాటు 1924లో అణగారిపోయాక, పట్టుబడినవారిలో కొందరిని ద్వీపాంతరం పంపారు. ఆ చింతపల్లి మండలంలోదే లంబసింగి. మంచు పడే కొండల నుంచి మంచు అన్న మాటే లేని దీవికి పడిన శిక్ష అది.

తర్వాత వచ్చినవాళ్లు బతుకుతెరువు కోసం వచ్చారు. 1950ల్లో ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలను తెచ్చి స్థిరపరిచింది. వాళ్ల వెనక బంధువులు, బంధువుల వెనక ఊరివాళ్లు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల వలలు, వంటలు, పండగలు ఓడల్లో దిగాయి. ఇవాళ జంగ్లీఘాట్‌లో నడుస్తుంటే ఏ భీమునిపట్నం వీధిలోనో ఉన్నట్టుంటుంది. తేడా ఒక్కటే. భీమిలిలో ఐసు అయిపోతే లారీ మీద విశాఖ నుంచి వస్తుంది. ఇక్కడ అయిపోతే చుట్టూ నీళ్లే.

తెల్లటి గొట్టం

రేవుకు కూతవేటు దూరంలో ఉన్న ఐసు ప్లాంటు బయటికి మామూలు రేకుల షెడ్డే. లోపల అడుగు పెడితే ముక్కుకు అమోనియా ఘాటు, చెవులకు కంప్రెసర్ మోత. కాళ్ల కింద వరసగా చెక్క మూతలు. వాటి కింద ఉప్పునీళ్ల తొట్టి. మూత ఎత్తి చూపించాడు ఆపరేటర్. నిలువు డబ్బాలు మెడలోతు మునిగి ఉన్నాయి. ఒక్కో దాంట్లో 50 కిలోల మంచినీళ్లు. చుట్టూ ఉన్న ఉప్పునీరు సున్నాకు పది డిగ్రీలు కిందికి చల్లబడినా గడ్డకట్టదు. ఉప్పు మహిమ అది. డబ్బాలోని మంచినీళ్లు మాత్రం అంచుల నుంచి లోపలికి గడ్డకడుతూ పోతాయి. దిమ్మ తయారవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. నీళ్లలో కరిగిన గాలి, మలినాలు నడిమికి తోసుకుపోతాయి. దిమ్మ అంచులు గాజులా ఉండి నడుమ పాలలా కనబడేది అందుకే.

కానీ నా కళ్లు పోయింది గోడవారన ఉన్న గొట్టం మీదికి. తొట్టిలో వేడిని పీల్చుకున్న అమోనియా ఆవిరి ఆ గొట్టం గుండానే తిరిగి కంప్రెసర్‌కు వెళుతుంది. పొడవునా నల్లటి తొడుగు చుట్టి ఉంది. తొడుగు చినిగిన ఒక మూర మేర మాత్రం గొట్టం తెల్లగా, బూరుగు దూది అంటించినట్టుంది. బయట బనియను తడిసిపోతోంది, ఇక్కడ అచ్చమైన మంచు. ఫొటో తీయబోతుంటే ఆపరేటర్ నవ్వాడు.

"సూత్తే మీకు అందంగా ఉంటాది బాబూ. మాకైతే దొంగ. రేతిరీ పగలూ కూకుని ఐసు తింటాది."

ఆయనకు యాభై దాటాయి. తండ్రి సోంపేట వైపు నుంచి వచ్చాడు. ఆయన పుట్టింది ఇక్కడే. స్వయంగా వేటకు వెళ్లింది తక్కువ, ఈ యంత్రం దగ్గర ముప్పై ఏళ్లుగా ఉన్నాడు. ఆ దొంగ ఎలా చొరబడుతుందో చూపిస్తానన్నాడు. ఆరింటికి కూతురు టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల ఇంటికి పరుగెత్తి భూతద్దం, ఇంకు ఫిల్లరు కూడా తెచ్చింది. ఈ ఆట తనకు కొత్త కాదని తెలుస్తూనే ఉంది.

చుక్క గడ్డకట్టే వేళ

ఆపరేటర్ ఒక మగ్గు నీళ్లు పోసి జానెడు మేర మంచు కరిగించి, పొడిగుడ్డతో తుడిచాడు. నల్లటి ఇనుము బయటపడింది. లోపల అమోనియా సున్నాకు పదిహేను డిగ్రీల కింద ఉంది. ఊపిరి పీల్చి వదిలేలోగా ఇనుము మీద పొగలాంటి పొర. భూతద్దంలో చూస్తే అది పొర కాదు, లెక్కలేనన్ని చుక్కలు. అవి పక్కవాటితో కలిసి గసగసాలంత, ఆవగింజంత అయ్యాయి. అద్దంలా మెరుస్తున్నాయి. ఇంకా నీళ్లే.

సున్నా డిగ్రీల దగ్గర నీరు గడ్డకడుతుందని బడిలో చదువుకున్నాం. నిజానికి ఆ గీత దాటిన వెంటనే గడ్డకట్టి తీరాలన్న నియమం నీటికి లేదు. మొదటి మంచు స్ఫటికం ఏర్పడటానికి ఒక ఆధారం కావాలి. దుమ్ము రేణువు, తుప్పు పొలుసు, లోహం మీది గీత, ఏదైనా సరే. అలాంటిదేమీ దొరకని సన్నటి శుద్ధజల బిందువు మబ్బుల్లో సున్నాకు 38 డిగ్రీల కింద దాకా ద్రవంగానే ఉండగలదు. తుప్పు పట్టిన ఇనుప గొట్టం మీద అంత ఓపిక ఉండదు.

"అదిగో నానా, ఒకటి పడింది!" అంది పిల్ల.

మెరుస్తున్న చుక్కల్లో ఒకటి కన్ను మూసి తెరిచేలోగా పాలిపోయింది. ఆ రెప్పపాటులో జరిగింది సగం కథే. సున్నాకు పది డిగ్రీలు కిందికి చల్లబడిన చుక్కలో మొదట గడ్డకట్టేది సుమారు ఎనిమిదో వంతు మాత్రమే. ఆ వంతు గడ్డకడుతూ వదిలిన వేడి మొత్తం చుక్కను మళ్లీ సున్నా డిగ్రీలకు తెస్తుంది. చుక్క అంతటా మంచు తీగలు అల్లుకుని మసకబారుతుంది, కానీ తీగల మధ్య ఇంకా నీరుంటుంది. అక్కడి నుంచి రెండో అంకం. వేడిని లాగేసుకునేది కింది ఇనుము కాబట్టి గడ్డ అడుగు నుంచి పైకి పాకుతుంది, తాపీగా.

ఇది సరిగ్గా కనబడాలంటే పెద్ద చుక్క కావాలి. పిల్ల ఫిల్లరుతో గొట్టం నెత్తి మీద ఒక చుక్క వదిలింది. టార్చి వెలుగులో అడుగున తెల్లటి అంచు పైకి జరుగుతుంటే చుక్క రూపం మారింది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అడుగున గడ్డ ఉంది, పక్కలకు చోటు లేదు. ఉబ్బిందంతా పైకే పోవాలి. చివర మిగిలిన నీరు నెత్తిమీదికి తోసుకొచ్చి, గడ్డకట్టి, సన్నటి మొన మిగిలింది. వినాయక చవితి కుడుము నెత్తిన వేళ్లతో నొక్కినట్టు. 2014లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి మొనలను కొలిచారు. పళ్లెం ఎంత చల్లగా ఉన్నా, చుక్క ఎంత విచ్చుకున్నా మొన కోణం సుమారు 139 డిగ్రీలే వచ్చింది. జంగ్లీఘాట్ తుప్పు గొట్టం మీద కోణం కొలిచే సాధనం మా దగ్గర లేదు. మొన మాత్రం ఉంది. మూడు చుక్కలు వేసి చూశాం, మూడింటికీ ఉంది.

ఇక పక్క చుక్కల సంగతి. ఒకటి గడ్డకట్టగానే మిగతావన్నీ వాటంతట అవే కట్టవు. మంచు తన చుట్టూ ఉన్న ఆవిరిని నీటికన్నా గట్టిగా లాగుతుంది. దాంతో పక్కనున్న నీటిచుక్క కొంచెం కొంచెంగా ఆవిరైపోతూ చిక్కిపోతుంది. ఆ ఆవిరి మంచు మీద చేరి, మంచు నుంచి ఒక చేయి నీటిచుక్క వైపు సాగుతుంది. తాకిందా, ఆ చుక్కా గడ్డే. తాకేలోపు చుక్క ఎండిపోతే చుట్టూ పొడి వలయం మిగులుతుంది. 2013లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద ఈ మంచు వంతెనలను చూసి వివరించారు. మాకు భూతద్దంలో వంతెనలు కనబడలేదు కానీ ఫలితం కనబడింది. పాలిపోవడం ఒక మూల మొదలై, చుక్క నుంచి చుక్కకు పాకి, జానెడు గొట్టాన్నీ ముంచేసింది. టీ చల్లారేలోగా నల్ల ఇనుము మళ్లీ తెల్లగా అయింది.

దొంగ లెక్క

మంచుకు అంత ఆకలి తీర్చే ఆవిరి ఎక్కడిది? ఇక్కడి గాలిదే. ఉక్కపోత అని మనం తిట్టుకునేది అదే. 29 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉంటే ఒక ఘనపు మీటరు గాలిలో 23 గ్రాముల నీళ్లుంటాయి. సున్నాకు పది డిగ్రీల కింద ఉన్న మంచు పక్కన అదే గాలి మోయగలిగింది సుమారు 2 గ్రాములు. మిగిలిందంతా గొట్టం మీద దించుకోవాల్సిందే. లంబసింగిలో సున్నా డిగ్రీల గాలి నిండుకుండలా ఉన్నా ఘనపు మీటరుకు 5 గ్రాములు దాటదు. మంచు అసలే పడని ఈ దీవిలో చల్లటి ఇనుము ఒకటి దొరికితే మంచు పడే వేగం లంబసింగికన్నా ఎక్కువ. వింతగా తోచినా లెక్క అదే.

మరి దొంగతనం ఏమిటి? ఆవిరి ఊరికే వచ్చి కూర్చోదు. తన వేడిని మోసుకొచ్చి గొట్టానికి అప్పజెబుతుంది. ఆవిరి నీరై, నీరు గడ్డ అయ్యేసరికి గ్రాముకు సుమారు 680 క్యాలరీలు. అదే 30 డిగ్రీల కుళాయి నీటిని ఐసు చేయడానికి తీయాల్సిన వేడి గ్రాముకు 110 క్యాలరీలే. అంటే తొడుగు చినిగిన చోట కిలో మంచు పేరుకుందంటే, ఆ చలితో డబ్బాలో ఆరు కిలోల ఐసు తయారై ఉండేది. "ఆరు రెట్లు" అనగానే ఆపరేటర్ తల ఊపాడు. లెక్క ఆయనకు కొత్త, నిజం పాతది. తొడుగు చినిగిన నెల మీటరు ఎక్కువ తిరుగుతుందని ఆయనకు తెలుసు.

మంచు దళసరి అయ్యాక అదే కొంత తొడుగులా పనిచేస్తుంది. అప్పుడు నష్టం తగ్గుతుంది కదా అంటే ఆయన ఒప్పుకోలేదు. యంత్రం ఆపినప్పుడల్లా మంచు కరిగి నీరు పక్క తొడుగు కిందికి దిగుతుంది. ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు తిన్న గొట్టం పగిలితే వచ్చేది అమోనియా. "దొంగ పోతాపోతా ఇల్లు కాల్చినట్టు" అన్నాడు.

దీవుల్లో కరెంటు అంటే ఇప్పటికీ ఎక్కువగా డీజిల్ జనరేటర్లే. ఆ డీజిల్ ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో వస్తుంది. సముద్రం దాటి వచ్చిన డీజిల్‌తో చేసిన చలిని ఒక చినిగిన తొడుగు గాలికి పంచుతోంది.

నీళ్ల మధ్య నీళ్లకు కరువు

ఐసుకు రెండో ముడిసరుకు మంచినీళ్లు. ఏడాదికి సుమారు మూడు మీటర్ల వాన పడే దీవిలో అదీ కరువేనంటే మనకు నమ్మబుద్ధి కాదు. కొండలు నిట్రంగా ఉంటాయి, వాగులు చిన్నవి, పడిన వాన గంటల్లో సముద్రంలో కలుస్తుంది. ఊరికి పెద్ద దిక్కు ధనికారి ఆనకట్ట. మార్చి, ఏప్రిల్ నెలల్లో దాని మట్టం దిగితే కుళాయిలు రోజూ రావు. ఇళ్లలో బిందెలు వరసకట్టే రోజుల్లో ఐసు ప్లాంటుకు నీళ్లెక్కడివి? సగం డబ్బాలు ఖాళీగా ఉంటాయి. డింగీలు రేవులోనే ఊగుతుంటాయి.

రేవులో వంజరాలు తూకం వేయిస్తున్న ఒకామెను ఐసు లేని రోజు ఏం చేస్తారని అడిగాను. "ఏటి సేత్తాం నాయనా, తొమ్మిదిలోపు ఎంతకడిగితే అంతకి ఇచ్చీడమే" అంది. ఉష్ణదేశాల్లో కిలో చేపకు కిలో ఐసు వేయాలన్నది వేటగాళ్లందరికీ తెలిసిన లెక్క. సూర చేప విషయంలో ఇది ధర సంగతి మాత్రమే కాదు. పట్టిన కొద్ది గంటల్లో చల్లబరచకపోతే దాని కండలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. తర్వాత ఎంత ఉడికించినా అది పోదు. తిన్నవాళ్లకు ముఖం ఎర్రబడటం, తలనొప్పి, వాంతులు. అండమాన్ సముద్రానికి పేరు తెచ్చే చేప కూడా ఈ సూరే. ఐసు లేకుండా దాన్ని పట్టి లాభం లేదు.

మన దేశంలో ఐసు ఒకప్పుడు ఓడెక్కి వచ్చేది. 1833లో అమెరికాలోని బోస్టన్ వ్యాపారి ఫ్రెడెరిక్ ట్యూడర్, చెరువుల్లో కోసిన ఐసు సుమారు 180 టన్నులు ఓడలో కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణంలో కరిగింది పోను సుమారు 100 టన్నులు చేరింది. మద్రాసు మెరీనాలో మనవాళ్లందరూ చూసిన ఐస్ హౌస్ ఆ వ్యాపారానికి కట్టిన గిడ్డంగే. తర్వాత వివేకానందుడు బస చేయడంతో దానికి వేరే పేరొచ్చింది. 1870ల్లో అమోనియా యంత్రాలు రావడంతో ఐసు ఓడల పని అయిపోయింది. జంగ్లీఘాట్ షెడ్డులో మోగుతున్నది ఆ యంత్రాల వారసుడే. సూత్రం మారలేదు.

మంచు లేని రోజులు

గొట్టం మీద మంచు పూర్తిగా మాయమైన రోజులు చూశారా అని అడిగాను. ఆపరేటర్ కాసేపు మాట్లాడలేదు.

2004 డిసెంబర్ 26. సునామీ నీళ్లు రేవులోకి వచ్చాయి. డింగీలు రోడ్డు మీదికి కొట్టుకొచ్చాయి. దక్షిణ అండమాన్ నేల ఆ రోజు సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ దగ్గర ఒకప్పటి వరి పొలాల్లో నిలిచిన ఉప్పునీరు ఊరికి వచ్చినవాళ్లందరికీ కనబడుతుంది. కరెంటు పోయింది, కంప్రెసర్ ఆగింది. "మా నాన్న సముద్రానికి బయపడ్డం అప్పుడే సూశాను. మంచు కరిగి గొట్టం నల్లగా బయటపడింది బాబూ. అది సూత్తే నాకు ఇంట్లో దీపం ఆరిపోయినట్టనిపించింది. దొంగే గానీ, ఉన్నాడంటే యంత్రం నడుత్తున్నట్టు లెక్క."

యంత్రం మళ్లీ తిరిగిన రోజు ఆయన మొదట చూసింది దిమ్మలను కాదట. గొట్టాన్ని. దాని మీద చెమట పట్టి, ఆ చెమట తెల్లబడుతుంటే రేవులోకి వెళ్లి వేటకు పొమ్మని చెప్పాడట. అప్పటికి సగం మందికి పడవలే లేవు.

ఎండ ఎక్కింది. కొత్త తొడుగు చుట్ట, తారు డబ్బా తెప్పించాడు. యంత్రం ఆపి, మంచు కరిగించి, ఇనుము ఆరాక చుట్టాలి. సాయంత్రానికి ఈ మూర గొట్టం కూడా నల్లబడుతుంది, దొంగకు తలుపు మూసుకుంటుంది. పిల్ల మొహం చిన్నబోయింది. తనకు తెలిసిన మంచు అంతా ఆ మూరెడే.

"లంబసింగిలో నిజంగా ఆకుల మీద పడతాదా సార్?" అని అడిగింది.

పడుతుందన్నాను. జీపు అద్దం మీద కూడా పడిందని, గోటితో గీరానని చెప్పాను.

"దానిక్కూడా మొన ఉంటదా?"

నేను చూడలేదు. ఎన్నిసార్లు వెళ్లినా చలిమంట దగ్గర కూర్చుని రావడమే తప్ప, ఒక్క చుక్క దగ్గరికి వంగి చూసింది లేదు. ఆ మాటే చెప్పాను. ఈసారి చూసి చెప్పమంది. ఫిల్లరు, భూతద్దం గౌను జేబులో వేసుకుని బడికి పరుగెత్తింది. వెనక ఆపరేటర్ మీట నొక్కాడు. కంప్రెసర్ మోత ఆగింది. మగ్గుతో నీళ్లు పోస్తుంటే మంచు పెళ్లలు పెళ్లలుగా సిమెంటు మీద రాలి, చెప్పులు తడిసేలోగా కరిగిపోయింది.